సత్యకుమారి చేనులో లీడింగ్ లైన్

ప్రకృతికి కంపోజిషన్ రాదు!

ఈ మాటంటే అరకు అభిమానులకు కోపం రావచ్చు. కానీ కొండకు అడ్డంగా కరెంటు స్తంభం, స్తంభం కింద ఆవు... ఇదేం పద్ధతి? ఇన్నాళ్లూ అడిగేవాళ్లు లేక సాగిపోయింది. ఇప్పుడు ఆదివారమైతే చాలు, విశాఖ నుంచి కెమెరాలు వస్తున్నాయి. ఇక అరకు బాగుపడక ఏం చేస్తుంది?

ఆఫీసులో నా పక్క సీటు లక్ష్మీప్రసాద్ అలాంటి సంస్కర్తే. కొత్త కెమెరా కొన్నాడు. యూట్యూబులో పాఠాలు విన్నాడు. మొన్న నవంబరులో నన్నూ వెంటబెట్టుకుని అరకు పక్కనున్న డుంబ్రిగుడ వైపు బయల్దేరాడు.

రోడ్డు పక్కన ఒక వలిసె చేను పసుపు ఆరబోసినట్టు విరగబూసి ఉంది. మావాడు పెదవి విరిచాడు. "బానే ఉంది గానీ, లీడింగ్ లైన్ లేదు."

అంటే చూసేవాడి కన్నును కొండదాకా నడిపించే గీతట. అది లేకపోతే పాపం, కన్ను దారితప్పి ఏమైపోవాలి? అందుకని పూల మధ్యలోంచి కొండవైపు తిన్నగా నడిచాడు. గీత సన్నగా వచ్చిందని అదే దారిన వెనక్కి నడిచాడు. నన్నూ నడవమన్నాడు. కళాసేవ కదా, నడిచాను.

చేను పక్క ఇంటిముందు బట్టలు ఆరేస్తున్న ఆవిడ పరుగెత్తుకొచ్చింది. పేరు సత్యకుమారి. చేను ఆవిడదే.

"ఏటి బాబూ ఇది! పూత మీదున్న సేను తొక్కేత్తన్నారు! గింజెలాగ కడతాది? ఏడాదంతా మా కూరలోకి నూనె దీందే!"

"ఒక్క నిమిషం అమ్మా, మీరు ఫ్రేములోకి వచ్చేశారు" అన్నాడు లక్ష్మీప్రసాద్. ఎంత మర్యాద!

అంతలో అతనికి ఇంకో పాఠం గుర్తొచ్చింది. మనిషి పక్కనుంటే కొండ ఎంత పెద్దదో తెలుస్తుందట. "పోనీ, అక్కడే ఉండండి. ఆ స్వెట్టరు తీసేసి, నెత్తిన ఒక కుండ పెట్టుకోండి."

"కుండెందుకు బాబూ? మాకు కుళాయుంది."

ఆ ఒక్క జవాబుతో ఆవిడ ఫ్రేములో చోటు పోగొట్టుకుంది.

"కనీసం తాడు మీది బట్టలైనా తీస్తారా?"

"నానూ నా బట్టలూ ఇక్కడే ఉంటాం. మీరే బేగి గట్టెక్కండి!"

గట్టెక్కాం. ఇంటికెళ్లాక లక్ష్మీప్రసాద్ కంప్యూటర్లో చేను పక్క కరెంటు స్తంభాన్ని, బట్టల్ని, ఇంటిని, ఇంటావిడని తుడిచేసి ఫొటో పెట్టాడు. లైకులే లైకులు! మరుసటి ఆదివారం ఆ చేను ముందు కార్లు బారులు తీరాయట. ఎవరి లీడింగ్ లైన్ వాళ్లు తొక్కుకున్నారు. మిగిలిన పూతనైనా దక్కించుకుందామని సత్యకుమారి ముళ్లకంప కట్టింది. నేచురల్ లుక్ పాడు చేసిందని జనం కామెంట్లలో ఎంత బాధపడ్డారో!

ఫొటోకు బహుమతి కూడా వచ్చింది. ఫొటోకు అతను పెట్టిన పేరు 'మనిషి అడుగు పడని అరకు'. బహుమతి సభలో నేనే ముందుగా చప్పట్లు కొట్టాను.

కోతలయ్యాక ఆ దారిన వెళ్తూ ఆగాను. సత్యకుమారి అరుగు మీద కూర్చుని వలిసెలు చెరుగుతోంది. అవి చేట అడుగును కూడా కప్పలేదు. శుభవార్త చెబుదామని ఫోనులో ఆ ఫొటో చూపించాను. చేట పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, చాలాసేపు చూసింది.

"బాగుంది బాబూ. కొండ మాదే. మరి మా ఇల్లేది?"

పాఠకులారా, కంపోజిషన్ తెలిసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే దయచేసి వెళ్లి ఆవిడకు జవాబు చెప్పండి.