ముళ్ళపంది వైద్యం, మూడు కూర్పులు

ఒక పెద్ద అడవిలో, అంటే సంఘాలూ కార్యదర్శులూ ఉండేంత పెద్ద అడవిలో, జంతువులకి వేషాలాట అంటే ప్రాణం.

ఆట కష్టమైనదేమీ కాదు. పొద్దు వాలేసరికి నాలుగైదు జంతువులు ఒక బండ చుట్టూ చేరతాయి. ఒక్కోటీ ఒక్కో వేషం వేసుకుంటుంది, మాటల్లోనే. కథ నడిపేదాన్ని కథపెద్ద అంటారు. "మీరు కోట గోడ దగ్గరికి వచ్చారు. లోపల కాపలా ఉంది. ఏం చేస్తారు?" అని కథపెద్ద అడుగుతుంది. ఏం చేయాలనుకుంటే అది చెప్పి గవ్వలు వేయాలి. వెల్లకిలా పడితే పని అయినట్టు, బోర్లా పడితే దెబ్బ తగిలినట్టు. ఈ కాస్త ఆట కోసం మధ్యాహ్నం నుంచే అడవంతా సూర్యుడి వంక విసుగ్గా చూస్తూ ఉండేది.

నేరేడు బండ దగ్గర కథపెద్ద ఒక ముసలి ఎలుగుబంటి. అక్కడ అడవిదున్న గంగులుది దొంగ వేషం. గంగులు నడిస్తే వాగులోని చేపలు కూడా ఉలిక్కిపడతాయి. ఆటలో మాత్రం అలికిడి లేకుండా కోటల్లో దూరి వచ్చేది. ఎండుటాకు రాలితే పరుగందుకునే కుందేలు బుల్లబ్బాయి అక్కడ మహావీరుడు, పులిని మీసం పట్టుకుని లాగేవాడు. నెమలి చంద్రకాంతం బిచ్చగత్తె వేషం వేసేది. తనని ఎవరూ పట్టించుకోకపోతే ఎంత హాయో పాపం దానికే తెలుసు.

ఇక ముళ్ళపంది మృదుల. ఆ పేరు వాళ్ళమ్మ ఏ ధీమాతో పెట్టిందో మనకి తెలియదు. మృదులది వైద్యురాలి వేషం. ఎవరి వేషానికి దెబ్బ తగిలితే ఆ జంతువు లేచి వెళ్ళి నిజంగానే మృదుల పక్కన కూర్చోవాలి. మృదుల దాని భుజం మీద ముంగాలు వేసి గవ్వలు విసరాలి. గాయం మానేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. నేరేడు బండ దగ్గర అది ఆచారం.

మామూలు వేళల్లో ముళ్ళపంది పక్కన ఎవరు కూర్చుంటారు? నీళ్ళు తాగే చోట కూడా "మీరు కానివ్వండి, మీరు కానివ్వండి" అంటూ మర్యాదగా తప్పుకునేవి. ఆటలో మాత్రం రోజూ ఏదో ఒక జంతువు వచ్చి ఆనుకుని కూర్చునేది. మృదుల ముళ్ళన్నీ వెనక్కి అణచుకుని, ఊపిరి బిగబట్టి వైద్యం చేసేది. దానికి రోజంటే ఆ కాసేపే.

అంతా ఇలా సుఖంగా సాగిపోతుంటే సంఘానికి తోచలేదు.

వేషాలాట సంఘానికి కార్యదర్శి ముంగిస. చురుకైనది, కష్టపడేది, దాపరికం లేనిది. పుట్టాక ఒక్కసారి కూడా ఆట ఆడలేదు. "ఆడితే పక్షపాతం వస్తుందండీ" అనేది. ఆటలో లోపాలుంటే చీటీ రాసి వేయమని ఆఫీసు చెట్టుకి ఉన్న తొర్రని కేటాయించింది. ఆడేవాళ్ళకి చీటీలు రాసే తీరిక ఎక్కడుంటుంది? తొర్ర నిండా ఆడనివాళ్ళ చీటీలే. ఎప్పుడో ఒకసారి ఆడబోయి మధ్యలో లేచిపోయిన కొండముచ్చు ఒక్కటే గంపెడు రాసింది. వాటిని చదివి ముంగిస కళ్ళు తుడుచుకుంది. "అడవిలో ఇంత అసంతృప్తి ఉందా! ఇన్నాళ్ళూ మనకి తెలియనే లేదే!"

వానలు వెలిశాక సంఘం ఆట నియమాల పుస్తకానికి కొత్త కూర్పు తెచ్చింది. అట్ట మీద రంగురంగుల నెమలి బొమ్మ.

"ఇకపై ఏ బండ దగ్గరికి వెళ్ళినా ఒకే ఆట, ఒకే పద్ధతి!" అని సభలో ముంగిస ప్రకటించింది. "ఈ కూర్పుతో అడవంతా ఒక్కటవుతుంది."

జంతువులు చప్పట్లు కొట్టాయి. ముంగిస పుస్తకం తెరిచింది.

"'గాయాలు కాసేపు కూర్చుంటే వాటంతట అవే మానతాయి.' అందుచేత వైద్య వేషం రద్దు చేశాం. దెబ్బ తగిలినప్పుడల్లా లేచి వెళ్ళడం ఇబ్బందిగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి."

మృదుల మెల్లగా లేచి నిలబడింది. "మరి నేనేం చేయాలండీ?"

"అయ్యో, మీకేం తక్కువమ్మా! బోలెడు వేషాలున్నాయి. ఇదిగో, గుట్ట మీద నిలబడి బాణాలు వేసే విలుకాడు. అచ్చం మీకోసమే రాసినట్టుంది."

"గుట్ట మీదంటే దూరంగానా?"

"ఎంత దూరముంటే అంత బలం!" అంది ముంగిస సంబరంగా.

మృదుల ముళ్ళు లేచాయి. దుఃఖం వస్తే ముళ్ళు లేస్తాయి, అది దాని చేతిలో లేదు. అటూ ఇటూ ఉన్న జంతువులు కాస్త జరిగి కూర్చున్నాయి.

దున్న మాత్రం ఒంటికాలి మీద లేచింది. "మా చెల్లి వేషం తీసేస్తారా? మా తాతల నాటి ఆటని మారుస్తారా? మాకు మొదటి కూర్పే వేదం!"

ఇదే దున్న, గవ్వలు బోర్లా పడినప్పుడల్లా, "ఈ కూర్పు రాసినవాడు దొరికితే కొమ్ములతో కుమ్మేస్తా" అని రంకెలు వేసేది. కొత్తది వచ్చేసరికి పాతది పవిత్రమైపోయింది.

"మార్పు రావద్దా అన్నయ్యా?" అంది నెమలి. "అట్ట చూడు, ఎంత బాగుందో."

"లోపల చదివావా?"

"చదవాలా ఏంటి?"

అంతే, ఆ రోజుతో బండ రెండు ముక్కలైంది. నేరేడు బండ మొదటి కూర్పు వాళ్ళది. కొత్త కూర్పు వాళ్ళు వాగు పక్క బండకి వెళ్ళిపోయారు. కుందేలు పొద్దున ఇక్కడ "అవునవును" అని, మధ్యాహ్నం అక్కడ "నిజమే నిజమే" అని, రెండు చోట్లా మంచిదనిపించుకుని చిక్కి సగమైంది.

మృదుల నేరేడు బండనే నమ్ముకుంది. అక్కడైతే తన వేషం తనకుంటుందని ఆశ. రోజూ వచ్చి తన చోట కూర్చునేది.

"ఆట మొదలుపెడదామా అన్నయ్యా?" అని అడిగేది.

"ముందు మొదటి కూర్పు గొప్పతనం మీద నాలుగు మాటలు చెప్పాలి చెల్లీ," అనేది దున్న. ఆ నాలుగు మాటలు చీకటి పడేదాకా సాగేవి. వాగు పక్కన కొత్త కూర్పు వాళ్ళకీ ఆట లేదు. ఏదో వాక్యానికి అర్థం అడుగుతూ సంఘానికి రాసి, జవాబు కోసం ఎదురు చూస్తున్నారు. గవ్వలకి బూజు పట్టింది. ఆట లేకపోతే దెబ్బలు లేవు, దెబ్బలు లేకపోతే వైద్యురాలితో పనేముంది?

"మా పోరాటమంతా నీకోసమే తల్లీ," అనేది దున్న, మృదులకి అల్లంత దూరాన నిలబడి.

చివరికి నీళ్ళ దగ్గర రెండు వర్గాలూ కొమ్ములూ ముక్కులూ విసురుకునేదాకా వచ్చింది. ముంగిస రెండు పక్షాలనీ పిలిపించింది.

"మాటలెందుకు? మొదటి కూర్పు తెప్పించండి!" అని దున్న సవాలు చేసింది. "అందులో వైద్యురాలు ఉందో లేదో అందరి ముందూ చదవండి!"

ఆ పుస్తకం ఎలుగుబంటి గుహలో ఉంది. ఎలుగుబంటి ఇబ్బందిగా వీపు గోక్కుంది. "వద్దర్రా. దాన్నలా ఉండనివ్వండి."

"అదేంటి తాతా, మన వేదాన్ని మనం చదువుకోకూడదా?"

ఎలుగుబంటి గొణుక్కుంటూ వెళ్ళి మూట తెచ్చింది. చెదలు తినగా మిగిలిన ఆకులని ముంగిస జాగ్రత్తగా తిప్పి, మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"వైద్య వేషం లేదు. 'గాయపడినవాడు ఇంటికి పోవలెను' అని ఉంది."

"సరిగ్గా చూడండి!" అంది దున్న.

"చూస్తున్నానండీ. ఇంకా ఇలా ఉంది. 'భారీకాయులు దొంగ వేషం వేయరాదు.'"

దున్న తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"'కుందేళ్ళు వార్తలు మోయుటకు మాత్రమే.' 'నెమలి రాణి వేషము తప్ప వేరొకటి వేయరాదు.'"

దేనికోసం ముక్కులూ కొమ్ములూ విరగ్గొట్టుకున్నారో ఆ కూర్పు ప్రకారం అక్కడున్నవాళ్ళెవరూ ఒక్కరోజైనా ఆడలేదు.

"మరి వైద్యురాలు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని ముంగిస అడిగింది.

"నేను చెబితే వచ్చింది," అంది ఎలుగుబంటి చిరాగ్గా. "ఆ రోజు ఈ గంగులు గోడ మీంచి పడి చావబోతున్నాడు. దొంగ చస్తే కథ ఆగిపోతుంది. చుట్టూ చూస్తే ఈ పిల్ల ఒక్కతే దూరంగా నిలబడి ఆట చూస్తోంది. నువ్వు వైద్యురాలివి, రావే అన్నాను. పుస్తకంలో ఉందా అని మీరే అడిగారు. ఉందన్నాను. పుస్తకంలో ఉందంటే గానీ పక్కన కాస్త చోటు కూడా ఇవ్వరు కదా మీరు!"

"అంటే నేను ఏ కూర్పులోనూ లేనన్నమాట," అంది మృదుల.

"కథలో ఉన్నావు కదే!"

కానీ మృదులకి సిగ్గేసింది. ఏడుపొచ్చింది. తన చోటు అనుకున్నది తనది కాదేమోనని మనసు విరిగి, ఎవరి వంకా చూడకుండా ఇంటిదారి పట్టింది.

ఇది చూసి ముంగిస గుండె కరిగింది. కార్యదర్శుల గుండె కరిగితే ఏమవుతుందో తెలుసు కదా, మూడో కూర్పు వచ్చింది. అందరినీ కలుపుకుపోయే కూర్పు. దున్నకి దొంగ వేషం ఇచ్చారు, గిట్టలకి దూది కట్టుకోవాలన్న షరతు మీద. వైద్యం కూడా తిరిగి పెట్టారు. దాని కింద ఒక గమనిక ఉంది. "భద్రత దృష్ట్యా, ముళ్ళు లేని జంతువులే ఈ వేషానికి అర్హులు."

ఆ కూర్పు వచ్చిన సాయంత్రం ముంగిస మూడో కూర్పు చంకన పెట్టుకుని నేరేడు బండ దగ్గరికి వచ్చింది. పరువు పోయిన రెండు వర్గాలూ ఉపన్యాసాలకి మొహం చెల్లక, ఒకే బండ చుట్టూ కూర్చుని ఉన్నాయి. ఎలుగుబంటి గవ్వల బూజు దులిపింది. కుందేలు పరిగెత్తి వెళ్ళి మృదులని పిలుచుకొచ్చింది.

"ఏ వేషం వేయాలి తమ్ముడూ? విలుకాడి వేషమేనా?"

"ఏమో అక్కా. తాత రమ్మన్నాడు."

మృదుల వచ్చింది గానీ కూర్చోలేదు. గుట్ట లేదు కాబట్టి, బండకి దూరంగా నిలబడింది.

"మూడో కూర్పు ప్రకారమే కదా ఆడుతున్నారు?" అని ముంగిస అడిగింది.

"మేం మొదటి కూర్పు వాళ్ళమండీ," అంది దున్న, నేల చూపులు చూస్తూ.

"మేం రెండోది," అంది నెమలి.

"నిలబడి ఏం చూస్తావు బాబూ?" అంది ఎలుగుబంటి. "కూర్చుని ఒక వేషం వెయ్యి. నువ్వు రాసిన నిబంధన నడుస్తుందో లేదో నువ్వే చూసుకోవచ్చు."

పరిశీలన నిమిత్తం అని నొక్కి చెప్పి ముంగిస కూర్చుంది. ఏ వేషం కావాలంటే కాసేపు తటపటాయించి, "పాటగాడు," అంది. ఆ కీచుగొంతుకి జీవితంలో ఎవరూ పాడమని అడగలేదు.

కథ కోట గుమ్మం దాకా వచ్చింది. కాపలావాళ్ళని నిద్రపుచ్చాలి. పాటగాడు పాడాడు. గవ్వలన్నీ వెల్లకిలా పడ్డాయి! కాపలావాళ్ళు గుర్రుపెట్టారు. ముంగిస ఆనందం పట్టలేక తోక కుచ్చులా చేసి, "చూశారా! చూశారా!" అంటూ గంతులు వేసింది. మూడో కూర్పు జారి ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

నేలమాళిగలోకి దిగుతుంటే గవ్వలు బోర్లా పడ్డాయి.

"పాటగాణ్ణి పాము కరిచింది," అంది ఎలుగుబంటి.

"ముంగిసని పాము కరవడమేమిటండీ!"

"ఇప్పుడు నువ్వు ముంగిసవి కాదు. పాటగాడివి."

ముంగిస కంగారుపడింది. "సరే, రెండో కూర్పు ప్రకారం కాసేపు కూర్చుంటే మానిపోతుంది."

"కూర్చుంటే విషం ఎక్కుతుంది బాబూ, దిగదు."

"మొదటి కూర్పులో ఏముంది?"

"'ఇంటికి పోవలెను,'" అంది దున్న ఎంతో భక్తిగా.

"మూడో దాంట్లో వైద్యం ఉంది. ముళ్ళు లేనివాళ్ళు ఎవరైనా వైద్యులుగా ఉన్నారా?"

"నేను దొంగని," అంది దున్న. "నేను బిచ్చగత్తెని," అంది నెమలి. కుందేలు మహావీరుడు, గాయాలు చేయడమే తప్ప మాన్పడం తెలియదు.

"పాటగాడు ఇంకా ఒక్క పాటే కదా పాడాడు," అంది ముంగిస.

ముంగిస లేచింది. బండ చుట్టూ తిరిగి, దూరంగా నిలబడ్డ మృదుల దగ్గరికి వెళ్ళి, ఆనుకుని కూర్చుంది. ఒక ముల్లు గుచ్చుకుంది. "అమ్మా!" అంది గానీ లేవలేదు. "త్వరగా చూడమ్మా. విషం గొంతు దాకా వచ్చింది."

మృదుల కూర్చుని, ముళ్ళు అణచుకుని దాని భుజం మీద ముంగాలు వేసింది. కుందేలు గవ్వలు తెచ్చి చేతిలో పెట్టింది.

మృదుల గవ్వలు విసిరింది. అన్నీ బోర్లా పడ్డాయి.

"మానలేదండీ," అంది మృదుల, ఎంత అణచుకున్నా ఆగని సంతోషంతో. "ఇంకాసేపు ఇక్కడే కూర్చోవాలి."

"కూర్చుంటానమ్మా," అంది ముంగిస.

తర్వాత సంఘం నాలుగో కూర్పు కూడా తెచ్చింది. అడవిలోని బండలన్నీ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించి, నెత్తిన పెట్టుకుని ఊరేగించాయి. విప్పి చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు, రాసిన ముంగిసతో సహా.

నీతి: నియమాల పుస్తకం లేనిదే ఏ ఆటా సాగదు, తెరిస్తే అసలే సాగదు.