రికార్డుల విభాగంలో అలలు

విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో, రికార్డుల విభాగానికి చెందిన ఏడుగురు ఉద్యోగులు ఏళ్ల తరబడి కుర్చీల్లోంచి కదలకపోవడం వల్ల ఒక వేసవిలో వరసగా పగడాలైపోయారు. ఇలాంటి సందర్భాలకు నిబంధనలు ముందే ఉన్నాయి కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. పగడమైన ఉద్యోగి చనిపోయినట్టు కాదు, రాజీనామా చేసినట్టూ కాదు. విధుల్లో ఉన్నట్టే. శాఖ ఒక పెద్ద అద్దాల తొట్టి తెప్పించి, సముద్రపు నీళ్లు పోయించి, రాళ్లు పేర్చి అందరినీ అందులో సర్దింది. వేలిముద్ర వేసే వీలు లేదు గనుక, పొద్దున్న ఆఫీసు వేళకి ఒళ్లు విప్పుకున్న పగడం హాజరు, ముడుచుకున్నది గైర్హాజరు.

రికార్డు అసిస్టెంటు ముత్యాలరావు భార్య కనకానికి ఇదేమీ పెద్ద వింతగా తోచలేదు. వీపు రుద్దుతుంటే కొన్నాళ్లుగా చేతికి గరుకు తగులుతూనే ఉంది. ఆయనకి మాటలు ముందునుంచీ తక్కువే. సాయంత్రాలు వంటింటి గడప మీద కూర్చుని, ఆమె చెప్పే వీధి కబుర్లకు తల ఊపేవాడు. ఆ ఊపుడంటే ఆమెకు ప్రాణం. అందుకే ఇప్పుడు రోజూ ఆఫీసుకే వచ్చి, తొట్టి పక్కన స్టూలు వేసుకుని ఆ కబుర్లే చెప్పేది. లేత గోధుమరంగు పగడమైన ముత్యాలరావు, ఒంట్లో బాగుంటే వేళ్లన్నీ చాపి మెల్లగా ఊగేవాడు.

చిక్కంతా పంపుతో వచ్చింది. నీళ్లు కదలకపోతే పగడాలు బతకవు. శాఖ, దొరికినవాటిలోకెల్లా పెద్ద పంపు కొని, హోదా ప్రకారం రాళ్ల కొనమీద కూర్చోబెట్టిన సూపరింటెండెంటు విశ్వనాథంగారికి ఎదురుగా బిగించింది. ముత్యాలరావు బల్ల సర్వీసంతా బీరువాల వెనకే ఉండేది కాబట్టి, ఆయన్ని రాళ్ల వెనక అడుగున పెట్టారు. పెద్దాయన మీద నీళ్లు హోరున కొట్టేవి. వెనక చుక్క కదిలేది కాదు. చూస్తుండగానే ముత్యాలరావు మీద మడ్డి పేరుకుంది. ఆయన విప్పుకోవడం మానేశాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే గైర్హాజరైతే రాయిగా పరిగణించి స్టోరు గదికి తరలిస్తామని తాఖీదు వచ్చింది.

కనకం పరిపాలనాధికారి జ్యోతిర్మయి దగ్గరికి పరిగెత్తింది.

"మేడమ్, మా ఆయన కాడికి నీళ్లు రావట్లేదండి. ఆ పంపు రవ్వంత ఇటు తిప్పించండి."

"తిప్పించొచ్చు కనకంగారూ. కానీ పంపు ఎవరికి అభిముఖంగా ఉందో ఫైల్లో రాయాలి. సూపరింటెండెంటుగారిని వదిలేసి రికార్డు అసిస్టెంటుకని నేనెలా రాయను?" జ్యోతిర్మయి నిజంగానే బాధపడింది. మంచినీళ్లు కూడా తెప్పించి ఇచ్చింది.

కనకం అటునుంచటే వన్ టౌన్లో రంగు చేపలమ్మే రహమాన్ దుకాణానికి వెళ్లింది.

"ఎవరి మీదికీ పెట్టకూడదమ్మా," అన్నాడాయన. "అటొకటి ఇటొకటి చిన్నవి, పైన, అద్దం వైపు తిప్పి పెట్టాలి. నీళ్లు అద్దానికి కొట్టుకుని, ఒకదాన్నొకటి గుద్దుకుని సందుసందుకీ పోతాయి. మడ్డి చేరే మూల అడుగున ఇంకోటి. ఒకటి ఆగితే ఒకటి తిరగాలి, సముద్రంలో మాదిరి."

దానికి పెద్దాయన కుటుంబం ఒప్పుకోవాలి. విశ్వనాథంగారి భార్య శేషరత్నం రోజూ తొట్టికి ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఆ హోరు చూసి మురిసిపోయేది.

"ఎంతమంది ఆయన సంతకం కోసం కాచుకున్నారు కనకం! ఆ మాత్రం నీళ్లు ఎదురు రాకూడదా?"

"అమ్మగారూ, ఒక్కసారి అయ్యగారి అంచు చూడండి."

శేషరత్నం కళ్లజోడు తగిలించుకుని అద్దం దగ్గరికి వెళ్లింది. నీటి దెబ్బకి కండ ఊడి, అంచంతా తెల్లగా ఎముకలా బయటపడింది. ఆయన ముడుచుకుపోయి ఉన్నాడు. సూపరింటెండెంటుకి గైర్హాజరు వేసే ధైర్యం ఎవరికీ లేక రోజూ హాజరే వేస్తున్నారు.

"విప్పుకుని ఎన్నాళ్లయిందో?" అంది శేషరత్నం.

"మీరు రోజూ వొస్తారు కదండీ."

"వస్తాను. కానీ పంపునే చూస్తున్నానే."

ఆ సాయంత్రమే జ్యోతిర్మయి ఫైల్లో 'అభిముఖం: తొట్టి గోడ' అని రాసింది. గోడకు హోదా లేదు గనుక పైవాళ్లెవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆడవాళ్లిద్దరూ జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, భుజాల దాకా చేతులు నీళ్లలో పెట్టి పంపులు బిగించారు. మొదట అడుగు పంపు ఇసుకనంతా లేపి ఒక జూనియర్ అసిస్టెంటును కప్పేసింది. కనకం దాని మూతి కాస్త పైకెత్తింది. శేషరత్నం చిటికెడు చేపల మేత వదిలింది. పలుకులు పెద్దాయన చుట్టూ నెమ్మదిగా తిరిగి, రాళ్ల మీంచి జారి, వెనక మూలలో ముత్యాలరావును తాకుతూ సుళ్లు తిరిగాయి.

మర్నాటికి మడ్డి పోయింది. అయినా ఆయన విప్పుకోలేదు. కనకం స్టూలు దగ్గరికి లాక్కుంది. ఏం చెయ్యాలో తెలియక కబుర్లలోకి దిగింది. "ఇదిగో, ఎదురింటోళ్ల కుక్క ఈనింది. అన్నీ తెల్లవే. ఆల్ల కుక్కేమో నలుపు. ఈదంతా అదే గోల." అడుగు పంపు తిరిగింది. ఒక వేలు చాచుకుంది, పక్కన ఇంకోటి. కాసేపటికి ముత్యాలరావు మొత్తంగా విచ్చుకుని ఊగాడు. కనకం కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆ కుక్కపిల్లల సంగతి చివరిదాకా చెప్పింది. వారం తిరక్కుండా పెద్దాయన కూడా విప్పుకున్నాడు.

అందరూ హాజరైన ఏకైక విభాగమని శాఖ మెచ్చుకుంది. అర్జీదార్లు కాగితాలు అద్దానికి ఆనించి చూపేవారు. పగడాలు ఊగితే పనవుతుందని సంతోషంగా వెళ్లిపోయేవారు. ఇదివరకటి కన్నా మర్యాదగా ఉందన్నారు. దాంతో, కొత్తగా ఎంపికైనవాళ్లని ఏళ్లకేళ్లు కుర్చీల్లో కూర్చోబెట్టడం వృథా అనీ, నేరుగా తొట్టిలోనే చేర్చుకోవాలనీ ఆదేశం వచ్చింది.

మొదట వచ్చింది హేమలత అనే అమ్మాయి. అమ్మానాన్నలు స్వీటు డబ్బాతో వెంట వచ్చారు.

"అక్కా, రాత్రనక పగలనక చదివి కొట్టింది ఈ ఉద్యోగం. మా పిల్లకి మంచి చోటు చూపించవా?" అని తల్లి కనకం చెయ్యి పట్టుకుంది.

కనకం తన కూతురికి సంబంధం చూసినంత శ్రద్ధగా తొట్టంతా కలియజూసింది. "మరీ పైన వొద్దమ్మా, దెబ్బ తగుల్తాది. మూల కూడా వొద్దు, ఎవులికీ కనబడదు. ఇదిగో, ఈ మద్దిన. రెండేపులా అల వొస్తాది."

తండ్రి నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు. అల వచ్చి అరచేతిని మెత్తగా తోసింది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంక బెంగ లేదు," అన్నాడు.

హేమలత చెప్పులు విప్పి, గాజులు తీసి తల్లికిచ్చింది.

"నీళ్లు చల్లగా ఉంటాయా అండీ?"

"మొదట్లోనేనమ్మా," అంటూ, స్టూలెక్కడానికి కనకం చెయ్యందించింది.