శెనక్కాయ అంచు చీర, నలభై ఒక్క బొటనవేళ్లు

"ఈ హిందూపురంలో ఎవడన్నా నేరం చేయాలనుకుంటే ముందు నన్ను తలుచుకోవాలప్పా. తలుచుకున్నాక, మానుకోవాల," అన్నాడు గోవిందరాజులు, తన కొత్త విజిటింగ్ కార్డును లామినేషన్ మిషన్లోంచి వెచ్చవెచ్చగా బయటికి లాగుతూ. ఆ లాగడంలో బొటనవేలు మళ్లీ చురుక్కుమంది. పాత మచ్చ పక్కనే ఇంకో మచ్చ. కార్డు మీద పెద్ద అక్షరాలతో 'ప్రైవేటు అపరాధ పరిశోధకుడు' అనీ, కింద చిన్న అక్షరాలతో 'జిరాక్సు, స్పైరల్ బైండింగు చేయబడును' అనీ ఉంది.

స్నేహితుడు లక్ష్మీనారాయణ ఎప్పటిలాగే రెండో వాక్యాన్నే నమ్మాడు. విత్తనాల కొట్టు నడుపుకునే ఆయన ఇరవై ఏళ్లుగా గోవిందరాజులుకు బైకునూ, పెట్రోలునూ, రెండు చెవులనూ ఉచితంగా అప్పగిస్తున్నాడు. ఇవాళ మాత్రం సొంత పని మీద వచ్చాడు. ఆయన ఫోన్ అద్దం ఎంతగా పగిలిందంటే, చేసింది భార్యో బ్యాంకువాళ్లో ఎత్తి మాట్లాడితే తప్ప తెలియడం లేదు.

"ఐఫోన్ తీసుకుందునా, ఆండ్రాయిడ్ తీసుకుందునా? మూడు వారాల్నుంచి అడుగుతాండా. ఒక్క మాట చెప్పప్పా."

గోవిందరాజులు కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటే మేధస్సు పనిచేస్తుందని ఆయన నమ్మకం. "ఐఫోన్ అంటే పెనుకొండ కోట. చుట్టూ గోడ, ఒకటే వాకిలి. వాళ్లు రానిస్తేనే ఏదన్నా లోపలికొస్తాది. ఆండ్రాయిడ్ అంటే సంత. ఎవడైనా వస్తాడు, ఎవడి గంప వాడు దింపుతాడు."

"సంతలో అయితే నాకు కావాల్సింది ఏరుకోవచ్చు కదా."

"దొంగ కూడా ఏరుకుంటాడు."

"కోటకు దుడ్లు ఎక్కువ కదప్పా."

"కోట ఊరకే వస్తాదా?"

ఈ చర్చ ఇలాగే నాలుగో వారంలోకి పోయేదే గానీ, అంతలో ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. చేసింది పట్టుచీరలు నేయించే ఆంజనేయులు. ఆరు నెలల కింద హిందూపురానికి పెళ్లికొచ్చి, ఆధార్ కార్డు లామినేషన్ చేయించుకున్నప్పుడు ఆయన జేబులోకి ఒక విజిటింగ్ కార్డు కూడా చేరింది. గోవిందరాజులు రెండు నిమిషాలు విని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, "గూఢచర్యం. బైకు తీయి," అన్నాడు.

సోమందేపల్లి, పెనుకొండ దాటి పదిన్నరకల్లా ధర్మవరం చేరారు. ఆంజనేయులు ఇంట్లో ముందుగదంతా మగ్గమే. దాని మీద హనుమంతు అనే నేతగాడు పని చేస్తున్నాడు. పదకొండేళ్లుగా ఆ మగ్గం ఆయన చేతిలోనే ఉంది. పక్కన నిలబడిన ఆంజనేయులు కోడలు భవాని సంగతి చెప్పింది.

"నేను గీసిన మొదటి డిజైన్ సార్ ఇది. అంచులో శెనక్కాయలు, ఆకులు. ఈసారి అంగళ్లకు ఇయ్యకుండా ఫోన్లోనే అమ్ముదామనుకుంటి. ఈ ఇంట్లో చీర కోసి మగ్గం మీంచి దించేదాకా డిజైన్ బయట ఎవరికీ చూపించం. ఎంత నేసినామో లెక్క కోసం రోజూ నా ఫోన్లో ఒక ఫోటో తీసుకుంటా. ఎవరికీ పంపలే. కానీ ఇంకా మూరెడు నేసేది మిగిలే ఉండాది, అవతల వీధిలో ఆడోళ్లు మీ శెనక్కాయ చీర బాగుండాదే అంటాండారు."

"పగలు ఈ ఇంట్లో ఉండేది ముగ్గురమే," అన్నాడు ఆంజనేయులు. "కొడుకు బెంగళూరులో ఉంటాడు. నేను చెప్పలే, కోడలు చెప్పదు."

మూడోవాడి పేరు ఆయన పలకలేదు. మగ్గం చప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. లక్ష్మీనారాయణకు అది వినపడింది, మనసుకు బాగాలేదు.

గోవిందరాజులు ఫోన్ల తనిఖీకి దిగాడు. భవానిది ఐఫోన్. ఫోటోలు జరుపుతూ పోతే శెనక్కాయ అంచు మధ్యలో రకరకాల జాకెట్ల వీపులు కనిపించాయి.

"ఇవేందమ్మా?"

"మా వదిన సుచిత్రవి సార్. మామ కూతురు. పెనుకొండలో జాకెట్లు కుడతాది. ఆయమ్మ ఫోటోలు వస్తానే ఉంటాయి."

"కేసుకు సంబంధం లేనివి చూపించి నా మెదడును పాడుచేయొద్దు తల్లీ," అని ఆయన ఆ వీపులన్నిటినీ దాటించేశాడు. తర్వాత హనుమంతు ఫోన్ అడిగి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, వేలు పైకెత్తాడు. "ఆండ్రాయిడ్. కోటలోంచి చీమ కూడా బయటికి రాదు. కాబట్టి రహస్యం పోయింది సంత నుంచే."

హనుమంతు లేచి నిలబడ్డాడు. "నా ఫోన్లో నా బిడ్డల ఫోటోలు తప్ప ఏమీ లేవు సార్. కావాలంటే చూసుకోండి."

"తుడిచేసినోడి ఫోన్లో కూడా ఏమీ ఉండవు," అన్నాడు గోవిందరాజులు.

భవాని మామవైపు తిరిగింది. "హనుమంతన్న అట్లాంటోడు కాదు మామా. ఇది మగ్గం ఎక్కదు అని అందరూ అంటే, నాలుగుసార్లు విప్పి మళ్లీ కట్టి నేసింది ఆయప్పే."

ఆంజనేయులు నేల చూస్తూ అన్నాడు. "సాయంత్రంలోగా వేరే దొంగ దొరికితే సరి. లేకుంటే రేపట్నుంచి మగ్గం కాడికి రావద్దు హనుమంతూ. ఆ ఫోన్లూ వద్దు, ఆ ఫోన్లో అమ్మకాలూ వద్దు కోడలా. ఎప్పట్లాగే అంగళ్లకు ఇచ్చేస్తాం."

ఆ మాటతో ఇద్దరి పని పోయినట్టే. లక్ష్మీనారాయణ గోవిందరాజులును వీధిలోకి లాగి, "నీ కోటా సంతా అంటూ ఒక మనిషి నోటికాడి కూడు తీసేస్తాండావు. తప్పు చేస్తాండావప్పా," అన్నాడు. ఆ కోపం నిజమైనదే. కానీ ఇరవై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని కోపం కావడంతో దానికి పెద్ద బలం లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు హనుమంతు చేతిసంచి పట్టుకుని, "పెనుకొండ పోయి సాయంత్రానికి వస్తా," అని ఎవరి మొహమూ చూడకుండా బస్టాండు వైపు నడిచాడు. గోవిందరాజులు కళ్లద్దాల వెనక కళ్లు మెరిశాయి.

"సంచిలో ఉండేది డిజైన్. పెనుకొండలో ఉండేది ముఠా. అమ్మా, నీ ఫోన్ ఇయ్యి. ఇట్లాంటి సాక్ష్యం కోటలోనే భద్రంగా ఉండాల."

భవాని ఇచ్చింది. అది గోవిందరాజులు మీద నమ్మకంతో కాదు. హనుమంతు మంచివాడని ఎవరో ఒకరు తేలిస్తే ఆమెకు చాలు.

ముందు బస్సు, వెనక బైకు. బస్సు కిటికీలో హనుమంతు తల కనిపించినప్పుడల్లా వెనక సీటు మీద గోవిందరాజులు ఫోన్ ఎత్తి ఫోటో నొక్కాడు. ఎండలో, నల్ల అద్దాల్లోంచి ఆయనకు తెర మీద ఏమీ కనపడటం లేదు. అయినా నొక్కాడు.

"కెమెరా మీద వేలు పెట్టినావేమో చూసుకోప్పా," అన్నాడు లక్ష్మీనారాయణ.

"పరిశోధకుడికి డ్రైవర్ సలహాలు వద్దు."

పెనుకొండలో బస్సు దిగిన హనుమంతు రెండు సందులు తిరిగి ఒక ఇంటి ముందు ఆగాడు. వీళ్లిద్దరూ ఎదురుగా ఆగి ఉన్న ఆటో వెనక వంగి దాక్కున్నారు. గోవిందరాజులు ఆఖరి ఫోటో నొక్కాడు. సరిగ్గా అప్పుడే ఆటో స్టార్టయి వెళ్లిపోయింది. నడివీధిలో ఇద్దరు పెద్దమనుషులు వంగి నిలబడి ఉండిపోయారు.

అదృష్టం బాగుండి ఇంట్లోంచి వచ్చినావిడ వాళ్లను చూడలేదు. ఆమె కళ్లు చేతిలోని ఫోన్ మీదే ఉన్నాయి.

"మీ ఇంటోళ్ల జాకెట్ గుడ్డలు తెచ్చినావా హనుమంతన్నా? ముందు ఇది చూడు. గంట నుంచి నా ఫోన్లోకి ఎవరిదో బొటనవేలు వస్తాంది. ఇప్పటికి నలభై ఒకటి. ఎవరో చేతబడి చేస్తాండారేమో అని భయంగా ఉండాది."

లక్ష్మీనారాయణ నిటారుగా లేచాడు. నాలుగు అడుగుల్లో అక్కడికి చేరి ఆ ఫోన్లోకి తొంగి చూశాడు. తెర నిండా ఎర్రటి బొటనవేలు. మధ్యలో రెండు కాలిన మచ్చలు. వాటిని ఆయన పొద్దున్నే చూశాడు.

"అమ్మా, నువ్వు సుచిత్రవా?"

"అవును. మీరెవరు?"

"ఆ వేలికి తెలిసినోళ్లం," అన్నాడు లక్ష్మీనారాయణ. "ఇవి నీకు ఎట్ల వస్తాండాయి?"

"భవాని పంపుతాంది అనుకుంటి. ఆ పాప తీసిన ఫోటోలన్నీ నాకు వస్తాయి. రెండు నెలల కింద ఇద్దరికీ ఒకే రోజు ఒకే రకం ఫోన్లు తీసిచ్చినాడు మా నాయన. షాపాయన ఇద్దరికీ వేరే వేరే ఐడీలు చేయాల అంటే ఒప్పుకోలే. పెళ్లయి పోతే మాత్రం నా బిడ్డ వేరే ఇంటిదైపోతాదా, కూతురుకొకటి కోడలికొకటి ఎందుకు, ఇద్దరికీ ఒకటే పెట్టు అన్నాడు. ఒకే ఐడీతో రెండూ తెరిపించినాడు."

లక్ష్మీనారాయణ గొంతు తగ్గించి అడిగాడు. "శెనక్కాయ అంచు ఫోటోలు ఎవరికైనా చూపించినావా తల్లీ?"

"మా జాకెట్ల గ్రూపులో పెడ్తి. ధర్మవరం ఆడోళ్లు కూడా ఉండారు దాంట్లో. మా పుట్టింటి చీర, మా భవాని గీసింది అని రాసి పెడ్తి. గొప్పగా అనిపించె. తప్పా?"

హనుమంతు సంచి కింద పెట్టి, ఆ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

"ఇదే నా పథకం," అన్నాడు గోవిందరాజులు, అప్పుడే నెమ్మదిగా వచ్చి. "వేలు కావాలనే పెట్టినా."

సాయంత్రం ధర్మవరంలో లక్ష్మీనారాయణ జరిగినదంతా, ఒకే ఐడీ కావడంతో ఒక ఫోన్లో తీసిన ఫోటో రెండోదాంట్లో కూడా పడుతోందన్న సంగతితో సహా చెప్పాడు. కోటకు వాకిలి ఒకటే, దానికి రెండు తాళంచెవులు చేయించి ఒకటి పెనుకొండకు పంపింది తనేనని ఆంజనేయులుకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. గ్రూపులో అందరూ ఈ డిజైన్ భవానిదేనని చూశారనీ, ఆరుగురు అప్పుడే చీర కావాలని అడిగారనీ కోడలు వదినకు ఫోన్ చేసి కనుక్కుని చెప్పినప్పుడు ఆయన తల ఊపాడు.

తర్వాత లోపలికి వెళ్లి తన చేత్తోనే కాఫీ గ్లాసు తెచ్చి మగ్గం పక్కన పెట్టాడు. పదకొండేళ్లలో ఆ గ్లాసు అలా రావడం అదే మొదలు.

"తాగు హనుమంతూ, ఆరిపోతాది. రేపు చీర దించేటప్పుడు కత్తెర నువ్వు పట్టుకో."

ఆ ఇంట్లో కత్తెర ఎప్పుడూ పెద్దాయనదే. హనుమంతు గ్లాసు అందుకుని, "నువ్వే కోయన్నా. నేను చీర పట్టుకుంటా," అన్నాడు.

భవాని అప్పటికే కొత్త ఐడీ ఎలా చేయాలో ఫోన్లో వెతుకుతోంది. వదినకు ఒకటి, తనకు ఒకటి. ఫోన్లో అమ్మకాలు వద్దన్న మాట ఆంజనేయులు మళ్లీ ఎత్తలేదు.

బయట బైకు దగ్గర లక్ష్మీనారాయణ ఆఖరిసారి అడిగాడు. "ఇప్పుడైనా చెప్పు. నేను ఏ ఫోన్ తీసుకోవాల?"

గోవిందరాజులు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఐఫోనే తీసుకో. నేనూ అదే తీసుకుంటా. ఐడీకి నువ్వేం కష్టపడొద్దు. నాదే ఇద్దరం వాడుకుందాం. మనలో మనకేం భేదం?"

లక్ష్మీనారాయణ హెల్మెట్ పెట్టుకున్నాడు. బైకు స్టార్ట్ చేశాడు. హిందూపురానికి ఆరున్నరకు బస్సుందని చెప్పి, ఇరవై ఏళ్లలో మొదటిసారి వెనక సీటు ఖాళీగా ఉంచుకుని వెళ్లిపోయాడు.