మా ఇద్దరి వాన

ఆ ఊళ్లో వాన ఇంటింటికీ విడిగా, చీటీలో ఉన్నదాన్ని బట్టి కురిసేది. ప్రతి శుక్రవారం గోడ కలిసిన రెండిళ్లవాళ్లు వాన ఆఫీసుకు వెళ్లి, వేర్వేరు గదుల్లో "మాకు" అనో "మనకు" అనో చెప్పాలి. గుమాస్తా సూరిబాబు రాసుకుంటాడు. ఇద్దరూ "మనకు" అంటే చెరో అరగంట వాన. ఒక్కరే "మాకు" అంటే గంటా వాళ్లకే. ఇద్దరూ "మాకు" అంటే నాలుగు చినుకులు, రసీదు.

నూకరత్నం పెరటి కనకాంబరాలు కట్టి అమ్ముకునే మనిషి. పక్కింటి పల్లాలమ్మకు బీరపాదు. అవతలిది ఎక్కడ "మాకు" అంటుందోనన్న భయంతో మూడు వారాలుగా ఇద్దరూ "మాకు" అనే అంటున్నారు. మొక్కలు తలలు వాల్చేశాయి.

"ఈసారి తడవకపోతే నా మొక్కలు దక్కవు వదినా," అంది నూకరత్నం గోడ మీదుగా.

"నా పాదేమన్నా పచ్చగా ఉందా? 'మనకు' అనేద్దాం. మాట తప్పితే నాలిక మీద వాతెట్టు."

శుక్రవారం సాయంత్రం వాన పల్లాలమ్మ పెరట్లోనే గంటసేపు కురిసి, సరిగ్గా గోడ దగ్గర ఆగింది.

"వాతకి అట్లకాడ కాల్చుకురానా?" అని అరిచింది నూకరత్నం.

"ఒట్టు వదినా! ఎవరికి అనడిగితే 'మా ఇద్దరికీ' అన్నాను!" తడిసి ముద్దయిన పల్లాలమ్మ ఏడుస్తూ నిండు బిందె అందించింది. గోడ దాటగానే బిందె ఖాళీ అయింది. బదిలీకి వేరే చీటీ ఉండాలట.

సగం మొక్కలు ఎండిపోయాయి. నూకరత్నం ఆఫీసుకు వెళ్లింది.

"'మా' అన్నారు, 'మాకు' అని రాశాను," అన్నాడు సూరిబాబు.

"నీతో చెప్పేటప్పుడు 'మా' అనక ఏమంటుంది బాబూ? నువ్వు మాలో మనిషివి కావుగా?"

"రూలండి. 'మనకు' అనే అనాలి."

మరుసటి శుక్రవారం ఇద్దరూ అతని మొహంలోకి చూసి మరీ "మనకు" అన్నారు. చెరో ఇరవై నిమిషాలు కురిసింది. మిగతా ఇరవై సూరిబాబు పెరట్లో కురిసింది. "మనకు" అన్నది అతనితోనే కదా. ఆపై వారం పెద్ద గుమాస్తా కూడా కుర్చీ లాక్కుని వినడానికి కూర్చున్నాడు. కాపలావాడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎంతసేపు పడింది వదినా?" అనడిగింది పల్లాలమ్మ.

"పన్నెండు నిమిషాలు. మొక్క చావదులే."

"పూయదు కూడా."

నూకరత్నం గొడుగు మడిచింది. "శుక్రవారం పెందలాడే పోదాం. జనం ఎక్కువైతే వినేవాళ్లూ ఎక్కువవుతారు."