ఏడో పోర్టు పీకితే ఎవరూ అరవలేదు

"రాత్రి రైలుకి మీరు రాకపోతే నేనూ పిల్లలూ వెళ్లిపోతాం. అన్నయ్య పెళ్లికి ఒక్కదాన్నే వెళ్లాను. తమ్ముడి పెళ్లికీ ఒక్కదాన్నే వెళ్తే, మా వాళ్లు మీకు దండేసిన ఫొటో ఎక్కడుందని అడుగుతారు," అంది భార్య, పెట్టె మీద కూర్చుని జిప్పు లాగుతూ.

"ఒక్క పోర్టు మార్చి వచ్చేస్తానే. ఎంతసేపు పని!" అన్నాడు తీగలాయన.

ఆఫీసులో అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు. ఫైళ్లు దాచే డిస్కుల పెట్టెలకూ, వాటిని అడిగే కంప్యూటర్లకూ నడుమ ఉండే స్విచ్చు ఆలనాపాలనా ఆయనదే. ఇప్పుడు కొత్త డిస్కుల పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. స్విచ్చులో తీగ దూర్చే పోర్టు ఒక్కటీ ఖాళీ లేదు. ఏ తీగ ఎవరిదో చెప్పాల్సిన చీటీలు ఏనాడో ఊడి, ఊడ్చిన చెత్తలో పోయాయి.

దీనికి మేనేజరు దగ్గర మందుంది. "పీకి చూడండి. ఎవడరిస్తే ఆ తీగ వాడిది. ఎవడూ అరవకపోతే అది దండగ తీగ, ఆ పోర్టు కొత్త పెట్టెకిచ్చేయండి. ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే మీ సెలవు మీద సంతకం పెడతా. వచ్చిందో, సెలవు మాటెత్తొద్దు."

తీగలాయన ఏడో పోర్టు తీగ పీకాడు. చిన్న దీపం ఆరింది. ఇద్దరూ ఫిర్యాదుల లెక్క చూపే కంప్యూటరు తెర వైపు కళ్లప్పగించి చూశారు. సున్నా. కాసేపాగి చూసినా సున్నాయే.

"ఎనిమిది కూడా లాగండి," అన్నాడు మేనేజరు హుషారుగా. లాగాడు. సున్నా. తొమ్మిది లాగినా చీమ చిటుక్కుమనలేదు. తీగలాయనకు ఇక్కడే కొంచెం అనుమానం వచ్చింది. కానీ రైలు గుర్తొచ్చి, అనుమానాన్ని మింగేసి కొత్త పెట్టెను తొమ్మిదో పోర్టుకు తగిలించాడు.

మేనేజరు అప్పటికే డైరెక్టరుకు ఫోన్లో తన గొప్ప చెప్పుకుంటున్నాడు. "ఇన్నాళ్లూ ఇవన్నీ దండగ పోర్టులే సార్! నేను కనిపెట్టాను."

సెలవు కాగితం తెచ్చుకుందామని తీగలాయన బయటికొచ్చాడు. లెక్కల విభాగంలో సగంమంది బల్లల మీద తలలు వాల్చి గుర్రు పెడుతున్నారు. నక్షలు గీసేవాళ్లు పేకాటలో ఉన్నారు.

"పనేం లేదా?" అన్నాడు.

"ఫైలు తెరుచుకుంటేగా!" అంది ఒకావిడ ముక్క వేస్తూ. "ఫిర్యాదుల గదిలో చెప్పాం. కంప్యూటర్లో రాయమన్నారు."

ఆయన ఫిర్యాదుల గదికి పరుగెత్తాడు.

"నోటిమాట చెల్లదని మేనేజరుగారి ఆర్డరు. ఫిర్యాదంటే కంప్యూటర్లో రాయాలి," అంది అక్కడి గుమాస్తా.

"కంప్యూటరే తెరుచుకోవట్లేదు కదమ్మా!"

"ఆ సంగతీ అందులోనే రాయాలండీ."

తీగలాయనకు అప్పుడు వెలిగింది. ఫిర్యాదులు దాచే డిస్కు కూడా ఏడో పోర్టు వెనకే ఉంది. పొద్దున్న తెరిచిపెట్టిన ఆ తెర, తీగ పీకిన క్షణంలోనే సున్నా దగ్గర కొయ్యబారిపోయింది.

"సార్, కొంప మునిగింది! ఆఫీసంతా ఆగిపోయింది."

"ఎవరన్నారు?"

"అందరూ."

"తెర మీద లేదే?"

"ఆ తెరే చచ్చింది సార్!"

"సున్నా శుభ్రంగా కనిపిస్తుంటే చచ్చిందంటారేం? మంచినీళ్లు తాగండి."

ఇక ఈయనతో లాభం లేదని తీగలాయన కొత్త పెట్టెను ఊడదీసి పాత తీగలన్నీ తిరిగి తగిలించాడు. అంతే, పుట్ట పగిలింది. పొద్దుటినుంచీ కడుపులో దాచుకున్నదంతా జనం కక్కేశారు. తెర కింది దాకా నిండి, పైకి జరుగుతూ పోయింది.

మేనేజరు మొహం ఎర్రబడింది. "చూశారా! పీకి ఉన్నంతసేపూ ఒక్కడు నోరెత్తలేదు. మీరు తగిలించారు, ఊరంతా ఏడుస్తోంది. రోగం ఆ తీగలోనే ఉంది!" అంటూ ఏడో తీగను తన చేత్తోనే పీకేశాడు. తెర టక్కున ఆగింది. "అదిగో, తగ్గింది."

"సార్, మరి నా సెలవు..."

"ఇన్ని ఫిర్యాదులు తెచ్చిపెట్టి సెలవా? వీటన్నిటికీ జవాబులు రాసి కదలండి."

తీగలాయనకు నిజంగానే ఏడుపొచ్చింది. జవాబులు రాద్దామంటే ఆ తెర తెరుచుకోదు. తీగ తగిలించనివ్వరు. కిటికీ బయట వీధి దీపాలు వెలిగేదాకా అలాగే కూర్చున్నాడు.

అప్పుడు స్టేషను నుంచి భార్య ఫోను చేసింది. ఆ ఫిర్యాదుకు ఏ పోర్టూ అవసరం లేకపోయింది.