మంత్రిగారి సాయం బటన్

ఫోన్ ఆటలో ఓడిపోయిన రైతును ఇకమీదట ప్రభుత్వమే దగ్గరుండి గెలిపిస్తుందని మంత్రిగారు ప్రకటించారు. దేశంలో ఇదే మొదటిసారట. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్నవాడికి ఆమాత్రం భక్తి ఉండాలి.

సంగతేమిటంటే, మా అనంతపురం రైతులకు సేద్యం నేర్పాలని మంత్రిగారు 'కరువు విజేత' అనే గేమ్ చేయించారు. గెలిచినవాళ్ల పొలంలో ఉచితంగా బోరు వేయిస్తారు. ఆటలో విత్తనం వెయ్యాలి, అడవిపందుల్ని తరమాలి, చివరి లెవెల్లో బోరు వెయ్యాలి. మొదటి రెండూ మావాళ్లు కళ్లు మూసుకుని దాటేశారు. మూడోదాంట్లో వెయ్యి అడుగులు దిగినా నీటిచుక్క లేదు, తెల్లదుమ్మే. నెలరోజుల్లో ఒక్కరూ గెలవలేదు. గేమ్ చేసిన బెంగళూరు కుర్రాళ్లకు లోకజ్ఞానం లేక, మా మండలం భూగర్భజలాల అసలు వివరాలే అందులో పెట్టేశారట!

అందుకని మంత్రిగారు 'సాయం' అని ఓ పచ్చ బటన్ పెట్టించారు.

తిమ్మమ్మ పరుగున నా షాపుకొచ్చింది. ఆమెది ఆరెకరాల వేరుశెనక్కాయ. ఊడలు దిగి కాయ కట్టే సమయం, నలభై రోజులుగా చినుకు లేదు. బోరు పడకపోతే చేను పశువులపాలే.

"బాషా, ఆ బటను నొక్కప్పా."

నొక్కాను. "అక్కా, నీకు మూడు పాయింట్లొచ్చినాయి."

"మూడా! ఒగటి చాల్లేప్పా. యాడ పెట్టినారో సూపీ, గుర్తుకు గూటం కొట్టుకుంటా."

మా వైపు పాయింటంటే ఒకటే. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగి నీళ్ల జాడ పట్టే పెద్దాయన బోరుకు చూపించే చోటు. ఇది స్కోరు తల్లీ అని చెప్పేలోగా ఫోన్లో మబ్బు కమ్మింది, వాన పడింది, బోరులోంచి నీళ్లు ఎగజిమ్మాయి. తిమ్మమ్మ ఫోనును కళ్లకద్దుకుంది. నాకు సిగ్గేసింది. అయినా వెనకాల క్యూలో ఉన్నవాళ్లందరికీ నొక్కాను. వారంలో మండలం మొత్తం గెలిచింది.

సోమవారం మండల అధికారి హనుమంతరాయుడు గారు వచ్చి నా షాపు గోడకే లిస్టు అంటించారు. 'ఉచిత బోరుకు అర్హులు: ఎవరూ లేరు.'

"గెలిచినాం కదా సార్!" అంది తిమ్మమ్మ.

"గెలిచారు కాబట్టేనమ్మా. సిస్టమ్‌లో నీ పొలంలో నాలుగించుల నీళ్లు పడినాయి. నీళ్లుండే పొలానికి మళ్లా బోరా?"

"అవి ఫోన్లో నీళ్లు సార్!"

"ఫోను ఎవురిది?"

"నాదే."

"పొలం ఎవురిది?"

"నాదే."

"మరి నీళ్లు ఎవురివమ్మా?"

ఇంత స్పష్టంగా ఆలోచించే అధికారిని నేను చూడలేదు. తిమ్మమ్మ నా వైపు చూసింది. నేను జిరాక్స్ మిషన్ తుడుస్తూ కూర్చున్నాను.

అదే వారం మా మండలాన్ని కరువు జాబితాలోంచి తీసేశారు. ఒక్క బటన్‌తో కరువును పారదోలినందుకు మంత్రిగారికి సన్మానం జరిగింది. ఫ్లెక్సీ ఆర్డరు నా షాపుకే. మర్నాడు, రోజూ ఊరికొచ్చే తాగునీళ్ల ట్యాంకర్ రాలేదు. డ్రైవర్ గురప్పకు ఫోన్ చేస్తే, "నీళ్లుండే ఊర్లకి పోవద్దన్నారన్నా" అన్నాడు.

మధ్యాహ్నం తిమ్మమ్మ రెండు ఖాళీ బిందెలతో షాపు ముందు నిలబడింది. పంట సంగతి ఎత్తలేదు.

"బాషా, ఆ బటను ఎనక్కి నొక్కప్పా. తాగేదానికైనా నీళ్లు రానీ."

ఫోనంతా వెతికాను. వెనక్కి నొక్కేది ఎక్కడా లేదు. ఆమె అక్కడే నిలబడేసరికి, ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, ఉన్న బటనే మళ్లీ నొక్కాను.

ఫోన్లో వాన ఇంకా గట్టిగా పట్టుకుంది.