సగం దీవి నిబంధన

మా దీవిలో ఇకమీదట పరాయి మొక్క ఒక్కటి కూడా ఉండబోదని మంత్రిగారు రేవులో నిలబడి ప్రకటించారు. అంత గొప్ప మాట ఇంతవరకు ఏ మంత్రీ అనలేదు. నాకు మాత్రం భయమేసింది. మా అమ్మాయి అటవీశాఖలో టెంపరరీ ఉద్యోగి. ఊదాపూల తీగ పడవల్లో వచ్చిన పరాయిదనీ, అది మా దీవిలో తప్ప ఎక్కడా పుట్టని ఉప్పుపొదను మింగేసిందనీ, ఇక మిగిలింది ఒక్క పొదేననీ రిపోర్టు రాసింది తనే. దీవి ఇంత పాడైందని రాసినందుకు మంత్రిగారికి కోపం వస్తే? ఉద్యోగం ఊడితే?

కోపం రాలేదు. పరాయి మొక్కలకు ఎర్ర చీటీ, స్థానిక మొక్కలకు పచ్చ చీటీ కట్టే బాధ్యత తనకే ఇచ్చారు. పర్మనెంటు కూడా చేస్తామన్నారు.

పాడుచేసింది పత్రికలవాళ్ళు.

“అయ్యా, పడవెక్కి వచ్చినవన్నీ పరాయివేనా?”

“ముమ్మాటికీ!”

“మరి తమరు కూడా పోయిన ఎన్నికల ముందు పడవెక్కే...”

మంత్రిగారు మంచినీళ్ళు అడిగారు.

మర్నాడే జీవో వచ్చింది. ఎంత చురుకైన బుర్రలో! ఎక్కడి నుంచి వచ్చారన్నది లెక్కలోకి రాదట. సగం దీవికి మించి వ్యాపించినవాళ్ళే స్థానికులట. అందులో మొక్క అన్న మాటే లేదు. మంత్రిగారికీ వర్తించాలి కదా.

టేపులు పట్టుకుని కొలిచారు. మంత్రిగారి పోస్టర్లు ముప్పాతిక దీవి. తీగ కూడా ముప్పాతికే. ఇద్దరికీ పచ్చ చీటీ.

“సార్, ఉప్పుపొద మూరెడు కూడా లేదు,” అంది మా అమ్మాయి.

“అయితే పరాయిదే. ఎర్ర చీటీ కట్టి పీకేయమ్మా,” అన్నాడు తన పై ఆఫీసరు.

“ఇక్కడే పుట్టింది సార్!”

“పుడితే సరా? వ్యాపించొద్దూ?”

ఆ సాయంత్రం పొదను వేళ్ళతో, మట్టితో సహా బకెట్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

“ఎవరైనా చూస్తే ఉద్యోగం పోతుందే తల్లీ! ఆ చీటీ ఏదో కట్టి పారేయకూడదూ?”

“నేను కట్టనమ్మా.”

వంటింటి కిటికీలో పెట్టి, పైన తడి తువ్వాలు కప్పాను. అది పొదలాగే కనిపించింది. ఇంకో తువ్వాలు కప్పాను.

మూడోరోజు టేపు పట్టుకుని ఇద్దరు మనుషులు తలుపు తట్టారు.

“మా ఇంట్లో ఏ పొదా లేదు బాబూ!” అనేశాను, అడగకముందే.

“మొక్కల పని అయిపోయిందిలే అమ్మా. మీరు ఈ ఊళ్ళో ఎప్పటి నుంచి?”

“మా ముత్తాతల కాలం నుంచీ నాయనా,” అన్నాను, ఊపిరి పీల్చుకుని.

“అది వద్దు. ఇంట్లో ఎంతమంది?”

“నేనూ, అమ్మాయీ. ఇద్దరమే.”

“ఇద్దరేనా?” అని జాలిగా చూసి, సంచీలోంచి రెండు ఎర్ర చీటీలు తీశాడు.